పాత మెర్‌క్రూజర్ ఇంజన్‌లో సీబీ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం ఎలా

ఊళ్ళో పాత అంబాసిడరో బుల్లెట్టో నడిపినవాళ్ళకి సీబీ పాయింట్ల (ఇంజన్ తిరుగుతుంటే కరెంటుని కలుపుతూ తెంచుతూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో దొరికే 1980ల నాటి బోట్లలో కూడా అదే సరంజామా ఉంటుంది. ముఖ్యంగా మెర్‌క్రూజర్ 3.0 లీటర్, నాలుగు సిలిండర్ల ఇంజన్, అంటే జనరల్ మోటార్స్ వాళ్ళ 181 క్యూబిక్ ఇంచ్ బ్లాక్, చాలా గట్టిది, సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, కానీ చలికాలమంతా కవర్ కింద నిలబెట్టి ఎండాకాలంలో తీసేసరికి పాయింట్ల మీద పొర పట్టి స్టార్ట్ అవ్వనని మొరాయిస్తుంది. దీనికి పర్‌ట్రానిక్స్ ఇగ్నిటర్ లాంటి కిట్ పెట్టుకుంటే పాయింట్లు, కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించేది) రెండూ పోయి, వాటి స్థానంలో ఒక అయస్కాంతపు రింగు, దాన్ని కనిపెట్టే చిన్న మాడ్యూల్ వస్తాయి. అరిగే ముక్క లేదు కాబట్టి గ్యాప్ మారదు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) జారదు.

కిట్ బిగించడం అరగంట పని. మాడ్యూళ్ళు కాలిపోయేది మాత్రం బిగించడంలో కాదు, వోల్టేజీ, కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి సరిపడా పెంచేది) చూసుకోకుండా తొందరపడటం వల్ల. అందుకే ముందు మల్టీమీటర్ తీయండి, స్క్రూడ్రైవర్ తర్వాత.

అంతకంటే ముందు ఒక మాట. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున బిల్జ్‌లో చేరి కూర్చుంటుంది, కారులో లాగా కింద నుంచి బయటికి పోదు. బోటుకి వాడే డిస్ట్రిబ్యూటర్‌లో (పాయింట్లు ఉండే, స్పార్క్‌ని ఒక్కో సిలిండర్‌కి పంచే భాగం) గాలి రంధ్రాలకి సన్నని జాలీ ఉంటుంది, లోపల నిప్పురవ్వ బయటికి రాకుండా. దాన్ని పీకేయకండి, కారు డిస్ట్రిబ్యూటర్ చవగ్గా వస్తోందని అది తెచ్చి పెట్టకండి. కిట్ అయినా కాయిల్ అయినా మెరైన్ వాడకానికి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. పని మొదలుపెట్టేముందు ఇంజన్ మూత తెరిచి వాసన చూడండి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

కిట్ కొనేటప్పుడు ఇంజన్ మోడల్ చెప్పి ఊరుకోవద్దు, డిస్ట్రిబ్యూటర్ ఎవరిదో చూడండి. ఒకే మెర్‌క్రూజర్ పేరు మీద డెల్కో, ప్రెస్టోలైట్, మాలరీ మూడూ వచ్చాయి, ఒకదాని కిట్ ఇంకోదానికి కూర్చోదు. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద నంబరు ఉంటుంది, గుడ్డతో తుడిస్తే కనిపిస్తుంది. క్యాప్ తీసినప్పుడే రోటర్ (లోపల తిరిగే ముక్క) పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. షాఫ్ట్ బాగా లూజుగా ఊగుతుంటే బుష్ పోయినట్టే, ముందు అది బాగు చేయించాలి, ఆ ఊగుడుకి ఏ కిట్టూ మందు కాదు.

ఇక కొలతలు. కాయిల్ మీది వైర్లు తీసి ప్లస్, మైనస్ మధ్య ఓమ్స్ చూడండి. మీటర్ ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకె (0.2 అలా ఉంటుంది) అందులోంచి తీసేయాలి. మొదటి తరం ఇగ్నిటర్‌కి ఎనిమిది సిలిండర్లయితే కనీసం 1.5 ఓమ్స్, నాలుగు సిలిండర్లకి 3 ఓమ్స్ ఉండాలి. నాలుగు సిలిండర్లలో ఒక స్పార్క్‌కీ ఇంకో స్పార్క్‌కీ మధ్య ఎడం ఎక్కువ, కరెంటు కాయిల్‌లో అంతసేపు పారుతుంది, వేడి మాడ్యూల్ మీద పడుతుంది. పాత బోట్లలో తరచుగా 1.5 ఓమ్స్ కాయిల్ ఉండి, దానికి తోడు దారిలో ఒక రెసిస్టెన్స్ వైరు (వోల్టేజీ తగ్గించేది) ఉంటుంది. అది ఉందో లేదో తేల్చుకోవాలంటే, వైర్లు మళ్ళీ తగిలించి, బ్యాటరీ కలిపి, పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ చూడండి. 6 నుంచి 9 మధ్య వస్తే రెసిస్టెన్స్ ఉన్నట్టు.

మాడ్యూల్ ఎర్ర వైరుకి ఆ తగ్గిన వోల్టేజీ చాలదు, నిండు 12 వోల్టులు కావాలి. చాలామంది రెండు వైర్లూ కాయిల్‌కి తగిలించేసి, ఇంజన్ ఒకసారి బాగా నడిచి ఇంకోసారి మిస్ కొడుతుంటే కిట్ దండగ అని తిడతారు. నా సలహా ఏంటంటే, 3 ఓమ్స్ మెరైన్ కాయిల్ ఒకటి కొనండి, రెసిస్టెన్స్ వైరుని పక్కన పెట్టి చివర ఇన్సులేట్ చేసేయండి, తాళం నుంచి వచ్చే మామూలు ఊదా వైరు నుంచి కాయిల్ ప్లస్‌కి కొత్త వైరు లాగండి. అప్పుడు ఎర్ర వైరు, కాయిల్ ఒకే చోట నిండు వోల్టేజీ తీసుకుంటాయి, ఆలోచించే పని ఉండదు. తగరం పూత ఉన్న మెరైన్ వైరు, హీట్ ష్రింక్ ఉన్న క్రింప్‌లు వాడండి. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు కూడా ఆ వైరులో కరెంటు వస్తోందో లేదో చూడటం మర్చిపోవద్దు.

బిగించడం తేలికే. నంబర్ 1 సిలిండర్ వైరు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, క్యాప్ ఫొటో తీసుకోండి. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో స్పార్క్ పడే వరుస) 1-3-4-2. రోటర్, పాయింట్లు, కండెన్సర్ తీసేసి ప్లేటుని శుభ్రంగా తుడవండి. ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి సన్నటి ఎర్త్ వైరు ఉంటే, అది తెగి ఉందేమో చూడండి. మాడ్యూల్‌కి ఎర్త్ ఆ దారినే వస్తుంది, అది తెగితే ఎప్పుడో ఒకప్పుడు సతాయిస్తుంది. మాడ్యూల్‌ని స్క్రూతో కూర్చోబెట్టి, అయస్కాంతపు రింగుని కామ్ (పాయింట్లని తెరిచే షాఫ్ట్ భాగం) మీద పెట్టి మెల్లగా తిప్పుతూ నొక్కితే ఒకచోట టక్కున దిగుతుంది. అక్కడిదాకా దిగాలి. రెండింటి మధ్య సందు 0.030 అంగుళం, కిట్‌తో ప్లాస్టిక్ గేజ్ ఇస్తే దాంతోనే చూడండి. వైర్లు రబ్బరు ముక్కలోంచి బయటికి తీసి, రోటర్‌కి రాసుకోకుండా లోపల సర్దండి. చేత్తో ఇంజన్ రెండు చుట్లు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఎర్రది కాయిల్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. తారుమారైతే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. మైనస్ మీదున్న బూడిద రంగు టాకోమీటర్ వైరు, గేర్ కేబుల్ దగ్గర చిన్న స్విచ్ నుంచి వచ్చే వైరు ఉంటే అదీ, అక్కడే ఉండనివ్వండి. గేరు తీసేటప్పుడు ఆ స్విచ్ ఒక క్షణం స్పార్క్ ఆపి గేరు వదులు చేస్తుంది, అది లేకపోతే గేరు బిగుసుకుంటుంది.

ఇంటి దగ్గర ట్రైలర్ మీదే స్టార్ట్ చేసేట్టయితే డ్రైవ్ (బోటు వెనక ప్రొపెల్లర్ ఉండే భాగం) నీళ్ళ రంధ్రాల మీద మఫ్స్ (గార్డెన్ పైపు తగిలించే రబ్బరు కప్పులు) పెట్టి గార్డెన్ పైపు తిప్పాకే తాళం ముట్టుకోండి. నీళ్ళు లేకుండా తిరిగితే రబ్బరు ఇంపెల్లర్ (నీళ్ళ పంపులో తిరిగే రెక్కల చక్రం) మాడిపోతుంది. బ్లోయర్ (బిల్జ్‌లోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) నాలుగు నిమిషాలు, మళ్ళీ బిల్జ్‌లో వాసన చూసి అప్పుడు స్టార్టర్. పాయింట్లతో పెట్టిన టైమింగ్ ఇప్పుడు పనికిరాదు, టైమింగ్ లైట్ నంబర్ 1 వైరుకి తగిలించి మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న డిగ్రీకి, అందులో చెప్పిన ఐడిల్ ఆర్‌పీఎమ్‌లో సెట్ చేయండి. చెవితో విని సెట్ చేయకండి, బోటు ఇంజన్ గంటల తరబడి బరువు మీద లాగుతుంది, రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే పిస్టన్లకే ముప్పు. ఇంజన్ ఆగిపోయాక తాళం ఆన్‌లో వదిలేసి పాటలు వినే అలవాటుంటే మానుకోండి, మొదటి తరం మాడ్యూళ్ళు, కాయిళ్ళు అలాగే వేడెక్కి చస్తాయి.

తర్వాత లేక్‌లో దించి, గట్టు దగ్గరే గంటసేపు నడపండి. వేడెక్కాక మిస్ కొడితే మళ్ళీ కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ చూడండి, చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది. గేరు ముందుకు వేసి న్యూట్రల్‌కి తెచ్చినప్పుడు ఇంజన్ ఒక్క క్షణం తగ్గి తేరుకోవాలి, పూర్తిగా ఆగిపోతుంటే ముందు గేర్ కేబుల్‌ని అనుమానించండి, కిట్‌ని కాదు. తీసిన పాయింట్లు, కండెన్సర్, ఫీలర్ గేజ్ ఒక జిప్ కవర్‌లో వేసి బోటులోనే పెట్టుకోండి, లేక్ మధ్యలో మాడ్యూల్ పోతే గట్టుకి చేరడానికి పనికొస్తాయి.