చలి ముదరక ముందే: పిప్పలి వాడబోయేవారికి జాగ్రత్తలు

చలికాలంలో గొంతు గరగరలాడగానే చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది శొంఠి, మిరియాలు, పిప్పలి కలిపిన త్రికటు చూర్ణం. వంటింటి దినుసే కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమా కూడా దాని వెంటే వస్తుంది. అయితే ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో, విమానస్థానం అనే విభాగపు మొదటి అధ్యాయంలోనే, అతిగా వాడకూడని మూడు ద్రవ్యాలలో క్షారం, లవణాలతో పాటు పిప్పలిని కూడా చేర్చారు. రోజుకు పది చొప్పున పెంచుతూ వందకు చేర్చి, తిరిగి తగ్గిస్తూ మొత్తం వెయ్యి పిప్పళ్లు సేవించే రసాయన ప్రయోగం (ఒంటికి బలాన్నిచ్చే చికిత్స) కూడా అదే సంహితలో ఉంది గాని, అది రోగి బలాన్ని బట్టి వైద్యుడు నిర్ణయించవలసినది. చదివి ఇంట్లో ప్రయత్నించదగినది కాదు.

పిప్పలి, మిరియాల ఘాటుకు మూలమైన పైపరిన్ అనే పదార్థాన్ని 1819లో ఓర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త మిరియాల నుంచి వేరుచేశారు. పిప్పలిలో దీనితోపాటు పైపర్‌లాంగుమిన్ అనే మరో పదార్థం కూడా ఉంటుంది. పేగుల్లోను, కాలేయంలోను మందులను విచ్ఛిన్నం చేసే కొన్ని ఎంజైముల పనిని పైపరిన్ మందగింపజేస్తుంది కనుక, వేసుకున్న మందు రక్తంలో ఎక్కువగా చేరి ఎక్కువసేపు నిలుస్తుంది. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో, పసుపులో ఉండే కర్కుమిన్ 2 గ్రాములకు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించగానే శరీరానికి అందిన కర్కుమిన్ సుమారు ఇరవై రెట్లు పెరిగింది. పసుపు విషయంలో మేలుగా కనిపించే ఈ గుణమే మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, గుండెకు వాడే ప్రోప్రనొలాల్ వంటి వాటిలో మోతాదు మించిన ఫలితానికి దారితీయవచ్చు. అందువల్ల రోజూ మాత్రలు వేసుకునేవారు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారు, చూర్ణం మొదలుపెట్టక ముందే తమ మందుల చీటీని వైద్యునికి చూపించాలి. కూరలో పడే చిటికెడు పొడి గురించి ఇంత బెంగ అక్కరలేదు. గాఢమైన పైపరిన్ గుళికల విషయంలో మాత్రం ఈ జాగ్రత్త తప్పదు.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఔషధ మోతాదులో పిప్పలికి దూరంగా ఉండాలి. వాయువిడంగాలు, వెలిగారంతో కలిపి దీనిని గర్భనిరోధక యోగంగా వాడిన సంప్రదాయం ఉంది. కడుపులో పుండు, తీవ్రమైన మంట ఉన్నవారికీ ఇది పడదు. పసిపిల్లలకు పొడిని తేనెలో రంగరించి నాకించే అలవాటును మానుకోవాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ ప్రమాదం ఉంది. ఇక పొడి పొడిగానే నోట్లో వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడకుండా చేయవచ్చు.

కొనేటప్పుడు ఒక కాయను విరిచి చూడండి. వందలాది చిన్న గింజలు ఒక కాడ చుట్టూ ఒత్తుగా అతుక్కున్న కంకి కాబట్టి, ఆ సందుల్లో తేమ చేరితే పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల బూజు, పురుగు ఉండవచ్చు. ఎండిన కాయ ఫట్‌మని విరుగుతుంది. సాగుతూ వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. పచ్చి పిప్పలి కఫాన్ని పెంచుతుందని ఆయుర్వేదమే చెబుతుంది కనుక దగ్గుకు ఎండినదానినే వాడతారు.

రెండు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తం, ఆయాసం, సాయంత్రపు జ్వరం ఉంటే చూర్ణంతో కాలక్షేపం చేయకుండా, క్షయ ఉందేమోనని కఫ పరీక్ష చేయించుకోవాలి. క్షయకు మందులు వాడుతున్నవారు పిప్పలిని సొంతంగా చేర్చుకోరాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు మోతాదును తగ్గించడానికి పైపరిన్ కలిపిన మాత్రను భారతదేశంలోనే రూపొందించారంటే, ఈ దినుసు ఆ మందుపై ఎంత ప్రభావం చూపగలదో ఊహించవచ్చు.