రాళ్ల దారిలో ఒళ్లు హూనం కాకుండా బండి సస్పెన్షన్ సెట్ చేసుకోవడం ఎలా?

వికారాబాద్ అనంతగిరి వైపు మొరం దారుల్లోనో, మారేడుమిల్లి, లంబసింగి చుట్టుపక్కల మట్టి బాటల్లోనో బండి నడిపి వచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పేది ఒకటే: నడుం పట్టేసింది, చేతులు తిమ్మిరెక్కాయి. వెంటనే కొత్త షాక్ కొనాలా, బండి మార్చాలా అని ఆలోచన మొదలవుతుంది. కంపెనీ బండిని సగటు బరువున్న మనిషికి సరిపోయేలా సెట్ చేసి పంపుతుంది. మీరు 55 కిలోలైనా, 95 కిలోలైనా దానికి తెలియదు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక కొలత టేపు, ఒక పానా తీసి, ఇద్దరు స్నేహితుల్ని పిలవండి. ఒక పూటలో పని అయిపోతుంది.

ఉదాహరణకి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ తీసుకుందాం. మన దారుల్లో తరచూ కనిపించే బండి అది. ముందు ఫోర్క్ 190 మిల్లీమీటర్లు, వెనక చక్రం 170 మిల్లీమీటర్లు కదులుతాయి. మామూలు మోడల్‌లో వెనక ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందుగానే ఎంత నొక్కి ఉంచాలన్న సర్దుబాటు, ఒక్కటే మార్చుకోవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కూడా అంతే, రెండు వైపులా 200 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్నా మన చేతిలో ఉండేది వెనక ప్రీలోడే. ఎక్స్‌పల్స్ ప్రో లాంటి వాటిలో డ్యాంపింగ్ (స్ప్రింగ్ కదిలే వేగాన్ని అదుపు చేయడం) అడ్జస్టర్లు కూడా ఉంటాయి. మీ బండిలో ఏమేం తిప్పచ్చో మాన్యువల్‌లో ముందే చూసుకోండి.

పానా పట్టుకునే ముందు

టైర్ల గాలి చూడండి. తారు రోడ్డు మీద నడిచే గాలితోనే రాళ్లలోకి దిగితే, సస్పెన్షన్ ఎంత బాగా సెట్ చేసినా చిన్న చిన్న రాళ్ల దెబ్బలు చేతులకి తగులుతూనే ఉంటాయి. ఈ బరువు బండ్లకి మట్టిదారిలో 20 పీఎస్ఐ అటూఇటూ పెట్టుకుంటారు. ట్యూబ్ టైరైతే 18 కంటే తగ్గించకండి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది.

తర్వాత ఫోర్క్ గొట్టాలు తుడిచి చూడండి. ఆయిల్ కారిన చారలుంటే సీల్ పోయినట్టే, దాన్ని బాగుచేయించకుండా ముందుకి వెళ్లి లాభం లేదు. వెనక లింకేజీ (షాక్‌ని చక్రం వైపుకి కలిపే కీళ్ల అమరిక) ఉన్న బండ్లలో వానాకాలం బురద తర్వాత ఆ బేరింగులకి గ్రీజు పెట్టించాలి. అవి పట్టేస్తే షాక్‌దే తప్పు అనిపిస్తుంది.

సాగ్ కొలవడం: అసలు పని ఇదే

బండి తన బరువుకి ఎంత కుంగుతుంది, మీరు ఎక్కితే ఎంత కుంగుతుంది అన్నదే సాగ్. మిగతా సర్దుబాట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి, అందుకే తొందరపడకుండా కొలవండి.

వెనక ఇరుసు నుంచి నిటారుగా పైకి, సీటు కింద ప్యానెల్ మీద ఒక చోట టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. ఒకరు బండి తోక పట్టి లేపాలి, వెనక చక్రం నేల వదలాలి. అప్పుడు ఇరుసు నుంచి గుర్తు దాకా కొలత రాసుకోండి. రెండోసారి బండిని నేల మీద నిటారుగా నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా కొలవండి. మూడోసారి మీరు హెల్మెట్, బూట్లు, ప్రొటెక్టర్లు, నీళ్ల బ్యాగు అన్నీ వేసుకుని ఎక్కాలి. ఒకరు ముందు నుంచి హ్యాండిల్ పట్టుకోవాలి, మీ రెండు కాళ్లూ ఫుట్‌పెగ్గుల మీద ఉండాలి, ఇంకొకరు కొలవాలి. రెండో, మూడో కొలతలు తీసేటప్పుడు ఒకసారి బండిని కిందికి నొక్కి నెమ్మదిగా వదిలి, ఇంకోసారి కాస్త పైకి లేపి నెమ్మదిగా వదిలి, రెండింటి సగటు తీసుకోండి. సీళ్ల రాపిడి వల్ల రెండిటికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

మొదటి కొలత 560, రెండోది 540, మూడోది 498 వచ్చాయనుకుందాం. బండి ఒంటరిగా 20, మీతో కలిపి 62 మిల్లీమీటర్లు కుంగింది. మనిషితో కలిపి మొత్తం ట్రావెల్‌లో దాదాపు మూడో వంతు కుంగాలి, అంటే 170కి 51 నుంచి 56 దాకా. 62 ఎక్కువ. ప్రీలోడ్ కాస్త పెంచి మళ్లీ కొలవండి. ప్రీలోడ్ రింగు తిప్పే ముందు అక్కడి మట్టిని బ్రష్షుతో పూర్తిగా దులపండి, ఇసుకతో సహా తిప్పితే మర పాడవుతుంది.

ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ గురించి చెప్పాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. అందుకే రైడ్ మెత్తగా ఉండాలని ప్రీలోడ్ పూర్తిగా వదిలేయడం మంచిది కాదు. అలా చేస్తే వెనక భాగం కుంగిపోయి కదలడానికి చోటు తగ్గుతుంది, గుంతలో పడ్డప్పుడు షాక్ అడుగుకి కొట్టి నడుముకి తగులుతుంది. బండి వెనక్కి కూర్చోవడంతో ముందు చక్రం మీద బరువు తగ్గి మలుపుల్లో తేలిపోతుంది కూడా.

మీతో కలిపిన సాగ్ సరిగ్గా వచ్చాక బండి ఒంటరిగా కుంగేది మళ్లీ చూడండి. 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటే బాగుంది. దాదాపు ఏమీ కుంగడం లేదంటే మీ బరువుకి ఆ స్ప్రింగ్ చాలడం లేదని అర్థం. 30 దాటితే స్ప్రింగ్ మరీ గట్టిది. అప్పుడు స్ప్రింగ్ మార్చడమే సరైన దారి, ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ముందు ఫోర్క్‌కీ ఇలాగే కొలవచ్చు, అక్కడ మనిషితో 50 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటే చాలు. చివర్లో చైన్ వదులు ఒకసారి సరిచూసుకోండి.

క్లిక్కులు

అడ్జస్టర్లు ఉన్న బండైతే ముందు ఇప్పుడున్న సెట్టింగు రాసుకోండి. స్క్రూని కుడివైపుకి మెల్లగా ఆగేదాకా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి, మళ్లీ అన్నే క్లిక్కులు వెనక్కి తెండి. ఆగిన చోట బలవంతం చేస్తే లోపలి సూది దెబ్బతింటుంది. ఒకసారికి ఒకే స్క్రూ, రెండు క్లిక్కులు మించకుండా మార్చండి. రెండు మూడు ఒకేసారి తిప్పితే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

ముందుగా రీబౌండ్ చూడండి, ఎందుకంటే రాళ్ల దారిలో సుఖం చాలావరకు దీంట్లోనే ఉంది. నొక్కుకున్న స్ప్రింగ్ ఎంత వేగంగా తిరిగి లేవాలో ఇది చూసుకుంటుంది. సీటుని గట్టిగా నొక్కి వదిలితే వెనక భాగం ఒక్కసారి లేచి నిలబడాలి, రెండోసారి ఊగకూడదు. ఊగుతుంటే రీబౌండ్ మరీ వేగంగా ఉంది, రాయి ఎక్కి దిగగానే వెనక చక్రం మిమ్మల్ని పైకి తన్నుతుంది. కుడివైపుకి తిప్పి నెమ్మది చేయండి. దీనికి ఎదురు సమస్య గుర్తుపట్టడం కష్టం. వరసగా రాళ్లు వచ్చే చోట మొదటి రెండు మూడు బాగానే మింగి, ఆ తర్వాత బండి రానురాను గట్టిబడుతుంటే రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉన్నట్టు. ఒక రాయి నుంచి తేరుకునేలోపే ఇంకోటి తగలడంతో షాక్ కిందికే దిగిపోతుంటుంది. ఇలాంటప్పుడు చాలామంది సస్పెన్షన్ గట్టిగా ఉందనుకుని కంప్రెషన్ (దెబ్బ తగిలినప్పుడు సస్పెన్షన్ ఎంత వేగంగా నొక్కుకోవాలో చూసుకునే డ్యాంపింగ్) తగ్గిస్తారు, దాంతో ఇంకా దిగజారుతుంది. చేయాల్సింది రీబౌండ్ రెండు క్లిక్కులు ఎడమవైపుకి వదలడం.

కంప్రెషన్‌కి ఒక జిప్ టై చాలు. ఫోర్క్‌లో మెరిసే గొట్టానికి దానంతట అది జారకుండా, చేత్తో జరిపితే కదిలేంత బిగువుగా కట్టి, సీలు దాకా జరిపి ఒక రౌండ్ వేసి రండి. అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత ట్రావెల్ వాడారో తెలుస్తుంది. కష్టమైన దారిలో కూడా చాలా ట్రావెల్ మిగిలిపోయి, చేతులకి ప్రతి చిన్న రాయీ తెలుస్తుంటే కంప్రెషన్ తగ్గించండి. మాటిమాటికీ అడుగుకి కొడుతుంటే పెంచండి. రౌండంతటిలో ఒకటి రెండుసార్లు అడుగు తాకితే కంగారు అక్కర్లేదు.

దారి మీద పరీక్ష

రాళ్లు, చిన్న దిగుడు, ఒక బ్రేకింగ్ చోటు ఉన్న కిలోమీటరు దారి ఎంచుకుని ప్రతి మార్పు తర్వాతా అదే దారిలో, అదే వేగంతో వెళ్లండి. మొదటి పది నిమిషాలు లెక్కలోకి తీసుకోకండి, ఆయిల్ వేడెక్కాకే డ్యాంపింగ్ అసలు తీరు తెలుస్తుంది. ఊరి చెరువుగట్టు వెనక బాటైనా సరిపోతుంది. నల్లమల పులుల అభయారణ్యం లోపలి బాటల్లో మాత్రం ఇలాంటి ప్రయోగాలు వద్దు.

ప్రీలోడ్ తప్ప ఏమీ లేని బండైతే సాగ్, టైరు గాలి సరిచేశాక మిగిలేది ఫోర్క్ ఆయిల్. పాతబడిన ఆయిల్ పలచబడి డ్యాంపింగ్ తగ్గుతుంది, తెలిసిన మెకానిక్‌తో కంపెనీ చెప్పిన గ్రేడ్, చెప్పిన కొలతలోనే మార్పించండి. ఇక వెనక మనిషినో, సామాన్ల బ్యాగునో ఎక్కించే రోజున ప్రీలోడ్ పెంచి మళ్లీ సాగ్ కొలవండి, ఒంటరిగా వెళ్లే రోజుకి పాత చోటికి తెచ్చుకోవడానికి ఆ రెండు సెట్టింగులూ ఫోన్లో రాసిపెట్టుకోండి. తారు రోడ్డు ఎక్కే ముందు టైర్లలో గాలి నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు ఒకటి బ్యాగులో ఉంచుకోండి.