ఆటలో కథ చెప్పడం – నాలుగో పాఠం: నియమం చేత మాట్లాడించడం

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. పులి-మేక ఆటను రెండుసార్లు ఆడండి, ఒకసారి పులుల పక్షాన, ఒకసారి మేకల పక్షాన. ఆడాక మనసులో ఏమి కదిలిందో నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోండి అని. ఆ కాగితం పక్కన పెట్టుకొని ఈ పాఠం చదవండి. ఇంకా ఆడనివారు ముందు ఆడి రండి. నేల మీద సుద్దతో గీసుకుంటే చాలు. పులులకు 3 రాళ్లు, మేకలకు 15 చింతగింజలు.

మేకల పక్షాన ఆడేవారు మొదట్లో ఒక్కో మేకను పులికి దూరంగా దాచాలని చూస్తారు. రెండు మూడు మేకలు పోయాక సంగతి బోధపడుతుంది. పులి మేక మీదుగా దూకాలంటే ఆ మేక వెనుక చోటు ఖాళీగా ఉండాలి. అంటే మేకను కాపాడేది దూరం కాదు, దాని వెనుక నిలబడిన ఇంకో మేక. ఈ మాట మీకు ఎవరూ చెప్పలేదు, గీసిన పటం మీద ఒక్క అక్షరమూ లేదు. అయినా ఆట ముగిసేసరికి మీ వేళ్లకు తెలిసిపోయింది. వైకుంఠపాళిలో ఇలా జరగదు. అక్కడ పాములకూ నిచ్చెనలకూ మంచి చెడుల పేర్లు రాసి ఉన్నా, మనం నిర్ణయించేది ఏమీ లేదు; పందెం ఎంత పడితే అంత. ఆ ఆట చెప్పే కథ విధి గురించి. పులి-మేక చెప్పే కథ బలం గురించి. తేడా తెచ్చింది నియమాలే.

రెండో పాఠంలో మాటల ద్వారా, మూడో పాఠంలో బొమ్మల ద్వారా కథ ఎలా చెబుతారో చూశాం. ఈ పాఠం నియమాల ద్వారా చెప్పడం గురించి. నా దృష్టిలో ఈ విద్యకు ఇదే గుండెకాయ.

వీడియో గేముల్లో దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 2013లో లూకాస్ పోప్ చేసిన ‘పేపర్స్, ప్లీజ్’. ఆర్‌స్టోట్జ్కా అనే కల్పిత దేశం సరిహద్దులో మనం తనిఖీ ఉద్యోగి. వచ్చినవారి కాగితాలు చూసి ముద్ర వేయడమే పని. సరిగ్గా చూసిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్ల కూలి. పొద్దు గూకాక ఇంటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం, అన్నీ ఆ డబ్బులోనే. ఒక రోజు ఒక భర్త వస్తాడు, కాగితాలన్నీ సరిగానే ఉంటాయి. వెనుక నా భార్య వస్తోంది, దయ చూపండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. లోపలికి పంపితే తప్పు మీ లెక్కలో పడుతుంది; రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరికే, మూడో దాని నుంచి కూలిలో కోత. మీ ఇంట్లో జబ్బుపడినవారు ఉండవచ్చు. ఇప్పుడు ముద్ర మీ చేతిలో ఉంది. ‘నిరంకుశ పాలన మంచివాళ్ల చేత కూడా చెడు చేయిస్తుంది’ అని ఈ ఆట ఎక్కడా ప్రకటించదు. మన చేతనే చేయిస్తుంది.

ఇక మన పని. ఈ పాఠంలో కాగితం మీద ఒక ఆట కడదాం. విషయం మన జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలిసినదే, వలస. నారాయణపేట, మక్తల్, కోస్గి, కొడంగల్ వైపు నుంచి ముంబయి, పుణె బస్సులెక్కి వెళ్లినవారి కథ. దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టిన పాలమూరు కూలీల కథ. దీన్ని మాటల్లో చెప్పినవారు చాలామంది ఉన్నారు. మనం నియమాల్లో చెప్పి చూద్దాం. కింది అంకెలు ఆట కోసం వేసుకున్నవే.

ఒక్కో ఆటగాడు ఒక్కో కుటుంబం. ముగ్గురు ఆడితే బాగుంటుంది. కుటుంబంలో భార్య, భర్త, బడికి పోయే బిడ్డ, ఇంటి దగ్గర అవ్వ. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు 40 గింజలు, అది ఎండిపోయిన బోరు కోసం తెచ్చిన పాత బాకీకే పోయింది. అందుకని మొదలుపెట్టేటప్పుడే మీ ముందున్న అప్పు గిన్నెలో 40 గింజలు ఉంటాయి, చేతి గిన్నె ఖాళీ. దీపావళి తరువాత బయలుదేరి మృగశిర నాటికి తిరిగి రావాలి. నెలకు ఒక వంతు చొప్పున 8 వంతులు. ప్రతి నెలా ఇద్దరి కూలి 12 గింజలు వస్తాయి. అందులో 5 గింజలు మేస్త్రీ అడ్వాన్సు కింద పట్టుకుంటాడు, అప్పు గిన్నెలోంచి అన్నే తీసేయాలి. 4 తిండికి. 3 ఇంటికి పంపాలి, అవ్వకూ బిడ్డకూ. ఇక మిగిలేది సున్నా. బిడ్డను బడి మాన్పించి పని దగ్గరికి తెచ్చుకుంటే ఆ 3 కాస్తా 2 అవుతుంది. నెలకు ఒక్క గింజ మిగులుతుంది.

ఆ ఒక్క గింజ దగ్గర ఆగి ఆలోచించండి. మొదట నేను అక్కడ 3 గింజలు మిగిలేలా పెట్టాను. ఆడినవాళ్లందరూ మొదటి నెలలోనే బిడ్డను బడి మాన్పించారు, ఎవరి ముఖంలోనూ చలనం లేదు. లాభం ఎక్కువైతే అది నిర్ణయం కాదు, లెక్క. ఒక్క గింజకు తగ్గించాక ఆలోచించడం మొదలైంది. మొదటి రెండు నెలలు బిడ్డను బడిలోనే ఉంచారు, జబ్బు వచ్చిన నెలలో చేయి ఆ గింజ వైపు జరిగింది. ఆటలో కథ చెప్పేవాడి పనిలో సగం ఇలా అంకెను ఒకటి తగ్గించి, ఒకటి పెంచి, ఎదుటివారి ముఖం చూడటమే.

జబ్బు సంగతీ అంతే. నెలకోసారి నాలుగు గవ్వలు వేయాలి. నాలుగూ బోర్లా పడితేనే జబ్బు అని మొదట రాసుకున్నాను, చాలా ఆటల్లో అది రానే లేదు. నాలుగూ బోర్లా పడినా, ఒక్కటి మాత్రమే వెల్లకిలా పడినా జబ్బే అని మార్చాను. జబ్బు వచ్చిన నెల ఒకరి కూలి, అంటే 6 గింజలు రావు. ఆ లోటుకు మేస్త్రీ దగ్గర చేబదులు తీసుకుంటే అంతా అప్పు గిన్నెలో చేరుతుంది. ఇది కాక ప్రతి నెలా మేస్త్రీ ‘ఖర్చులు’ అని ఒక గింజ అప్పు గిన్నెలో వేస్తాడు. జబ్బు ఒక్కసారి కూడా రాకపోయినా 8 నెలల తరువాత గిన్నెలో 8 గింజలు ఉంటాయి. గిన్నె ఖాళీ కాకపోతే వచ్చే దీపావళికి మళ్లీ బస్సు.

ఇంతవరకు రాసి, బాగా వచ్చిందనుకొని, పక్కింటి పెద్దమ్మ చేత ఆడించాను. ఆమె పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు పుణె వైపు కాలువ పనులకు వెళ్లి వచ్చిన మనిషి. మూడు నెలలు ఆడి చేయి ఆపింది. “బిడ్డా, వాడు ఊరికే గింజ వేస్తుంటే మేము చూస్తూ కూర్చుంటామా? లెక్క అడగమా?” అంది. అడిగితే ఏమవుతుందని అడిగాను. “ఒక్కరు అడిగితే వెళ్లిపొమ్మంటాడు. గుంపంతా అడిగితే పుస్తకం తీస్తాడు” అంది. గుడిసె గోడ మీద బొగ్గుతో పనిదినాలు గీసుకొని పెట్టుకునేవారట.

నా ఆటలోని కూలీలు అప్పు, జబ్బు, మేస్త్రీ ఏది పెడితే అది మోశారు. నేను వాళ్ల మీద ప్రేమతోనే రాశాను. కానీ నియమాలు వాళ్లకు నోరు ఇవ్వలేదు. చిత్రణలో దోషం అంటే చెడ్డగా చూపడమే అనుకుంటాం. 1981 నాటి ‘డాంకీ కాంగ్’ అనే వీడియో గేములో కోతి ఎత్తుకుపోయిన పాలీన్ అనే అమ్మాయిని చెడ్డగా ఏమీ చూపలేదు. ఆమె పైన నిలబడి ఎదురుచూస్తుంది, అంతే. కదిలే వీలు అంతా ఆమెను కాపాడడానికి కింది నుంచి ఎక్కేవాడికే. జాలి చూపే ఆటల్లో పేదవాడికీ తరచు ఇదే గతి పడుతుంది. మీ ఆటలో ఒక మనిషిని ఎలా చిత్రించారో తెలియాలంటే బొమ్మ కన్నా ముందు ఆ మనిషి ఏమేమి చేయగలడో ఒక కాగితం మీద రాయండి. కాగితం ఖాళీగా మిగిలితే ఆటను మళ్లీ కట్టాలి.

పెద్దమ్మ మాటతో చేర్చిన నియమం ఇది. నెలాఖరున ప్రతి ఆటగాడూ పిడికిలి మూసి ముందుకు చాపాలి. లెక్క అడగదలిస్తే లోపల గింజ ఉంచాలి, లేకపోతే ఖాళీ. ముందు మాట్లాడుకోవచ్చు, మాట తప్పవచ్చు కూడా. అందరూ ఒక్కసారే తెరవాలి. అన్ని పిడికిళ్లలోనూ గింజ ఉంటే అంతవరకు వేసిన ఖర్చుల గింజలన్నీ మేస్త్రీ తీసేస్తాడు, ఇక వేయడు. ఒక్కరైనా ఖాళీ పిడికిలి చూపితే, అడిగినవారందరికీ వచ్చే నెల ఒకరి కూలి పోతుంది. జబ్బులో ఉన్న కుటుంబానికి ఆ 6 గింజలు ప్రాణం. వాళ్లు పిడికిలిలో గింజ ఎలా పెడతారు? మిగతావాళ్లు ముందు వాళ్లకు గింజలు సర్దితే తప్ప. ఈ సర్దుబాటు నేను రాసిన నియమం కాదు, మా ఇంట్లో ఆడినవాళ్లు తామే కనిపెట్టారు. మేక వెనుక మేక.

ఈ వారం అభ్యాసం. నల్లగొండ వైపువారు ఫ్లోరైడ్ నీటి మీద ఇలాంటి ఆట కట్టండి, మిగతావారు వలస ఆటనే మీ ఊరి లెక్కలతో మార్చండి. ఫ్లోరైడ్ అనగానే మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన శరీరాల ఫొటోలు గుర్తొస్తాయి. వాటితో మొదలుపెట్టవద్దు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటినా ఆ నీరు తేటగానే ఉంటుంది, హాని ఏళ్ల తరువాత బయటపడుతుంది. మీరు నియమంగా మార్చవలసింది ఆ ఆలస్యాన్ని: ఈ రోజు తాగిన బిందె ఖరీదు ఇరవయ్యో వంతులో కట్టాలి. దగ్గర బోరు, దూరపు మంచినీరు, మధ్యలో ‘నల్లగొండ పద్ధతి’, అంటే నీటిలో పటిక, సున్నం కలిపి, తిప్పి, అడుగున పేరుకున్నాక తేటను వంచుకోవడం. రోజూ ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారు, దానికి ఎంత పొద్దు పోతుంది అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆట కట్టాక ఆ నీరు తాగి పెరిగినవారి చేత ఒకసారి ఆడించండి. వాళ్లు చేయి ఆపిన చోటు గుర్తుపెట్టుకోండి.

వచ్చే పాఠంలో వలస ఆటను కంప్యూటర్‌లోకి తెస్తాం. ట్వైన్ అనే ఉచిత సాధనం వాడతాం, ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. మీరు మార్చిన అంకెలన్నీ ఒకే కాగితం మీద, పాత అంకెలు కొట్టేసినా కనబడేలా రాసి ఉంచండి. వాటితోనే మొదలుపెడతాం.