పింఛను లెక్క – 4వ పాఠం: 25, 20 కలిస్తే 45 కాదు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. తొమ్మిదేళ్ల బాబు, సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వ డాక్టర్లు వైకల్య శాతం రాసిచ్చే కాగితం) మేధో వైకల్యం 25 శాతం, కాలి వైకల్యం 20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛనుకు అర్హుడేనా? ఎక్కువ మంది రాసిన జవాబు: "మొత్తం 45 శాతం, గీటు 40 కాబట్టి అర్హుడే, నెలకు ₹6,000."

అర్హుడు కాదు. అతని మొత్తం వైకల్యం 39.44 శాతం.

ఈ పాఠంలో రేషన్ కార్డు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (సచివాలయం రికార్డులో ఒక కుటుంబంగా ఎవరెవరున్నారో) సంగతి చూద్దామనుకున్నాం. దాన్ని చివరికి కుదిస్తున్నాను. శాతం లెక్కే రాకపోతే కార్డులో ఎంతమంది ఉన్నా ఒరిగేది లేదు. సదరం స్లాట్ ఎలా బుక్ చేయాలో మాత్రం చెప్పను. సచివాలయంలోనో మీసేవలోనో అడిగితే అయిదు నిమిషాల పని.

రెండు వైకల్యాలుంటే డాక్టర్లు కూడిక చేయరు. 2018 జనవరి 4న కేంద్రం గెజిట్‌లో ఇచ్చిన మార్గదర్శకాల సూత్రం ఇది:

పెద్ద శాతం + చిన్న శాతం × (90 − పెద్ద శాతం) ÷ 90

మన బాబుకి పెద్దది 25, చిన్నది 20. 90లో 25 తీసేస్తే 65. 20ని 65తో గుణిస్తే 1300, దాన్ని 90తో భాగిస్తే 14.44. 25కి 14.44 కలిపితే 39.44.

దీని వెనకున్న తర్కం తెలిస్తే సూత్రం మరిచిపోరు. మొదటి వైకల్యం 90లో 25 తినేసింది, మిగిలింది 65. రెండో వైకల్యం దెబ్బ ఆ మిగిలిన భాగం మీదే పడుతుంది, మొత్తం మీద కాదు. అందుకే 20 కాస్తా 14.44కి కరిగింది. పెద్ద శాతం ఎంత ఎక్కువైతే చిన్నది అంతగా కరుగుతుంది. 75 పక్కన 25 పెట్టి చూడండి: 25 × 15 ÷ 90 అంటే 4.17. మొత్తం 79.17. నోటిలెక్కన నూరు అనిపించేది ఎనభై కూడా దాటలేదు.

నేను మాత్రం ఆ సూత్రాన్ని అలా వేయను. రెండు శాతాలూ కూడతాను, రెండింటినీ గుణించి 90తో భాగిస్తాను, వచ్చింది కూడికలోంచి తీసేస్తాను. 25 + 20 = 45. 25 × 20 = 500, ÷ 90 = 5.56. 45 − 5.56 = 39.44. అదే జవాబు, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో సగం సమయం. ఇంకో లాభం, ఏది పెద్దది ఏది చిన్నది అన్న గొడవే ఉండదు. ఒక్క జాగ్రత్త: ఏదో ఒక శాతం 90 దాటితే ఈ సూత్రం జోలికి పోకండి. 100, 50 వేసి చూడండి, జవాబు 94.44 వస్తుంది, అంటే రెండో వైకల్యం కలిశాక మొత్తం తగ్గిందన్నమాట. అలాంటప్పుడు పెద్ద శాతాన్నే తీసుకోండి.

మూడు వైకల్యాలుంటే మొదట రెండు పెద్దవి కలపండి. వచ్చిన జవాబును ఒక శాతంగా తీసుకుని మూడోదాన్ని దానికి కలపండి.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించే తప్పు. "30, 10 కలిస్తే సరిగ్గా 40, అంచున బయటపడ్డాడు" అని దరఖాస్తు పెట్టించడం. 30 + 10 − 3.33 = 36.67. సదరం క్యాంపుకి రానుపోను ఛార్జీలు, తల్లి రెండు రోజుల కూలి పోయాక "అనర్హులు" అన్న మాట వినాల్సి వస్తుంది. తప్పు డాక్టరు మీదికి తోస్తారు, అసలు తప్పు కూడికది. మొదటి వైకల్యం 30 అయితే 40 చేరడానికి రెండోది కనీసం 15 ఉండాలి. మొదటిది 25 అయితే కనీసం 21. మన బాబు కాలికి 20 కాకుండా 21 వేసి ఉంటే 40.17 అయ్యేది. ఒక్క శాతానికి ఏడాదికి ₹72,000. ఈ రెండు జతలూ, 30–15, 25–21, కాగితం మీద రాసి పెట్టుకోండి. చాలా దరఖాస్తులు ఈ అంచు దగ్గరే తేలుతాయి.

అసలు ఆ 25 ఎక్కడిది అని కొందరు అడిగారు. పిల్లల మేధో వైకల్యాన్ని వీఎస్ఎమ్మెస్ అనే పరీక్షతో కొలుస్తారు. 2018 పట్టిక ప్రకారం స్కోరు 70 నుంచి 84 మధ్య ఉంటే వైకల్యం 25 శాతం, 55–69 అయితే 50, 36–54 అయితే 75, 21–35 అయితే 90, 20 లోపు 100. మధ్యలో మెట్లు లేవు. స్కోరు 70 వచ్చిన పిల్లవాడు 25 శాతం, 69 వచ్చినవాడు 50 శాతం. ఇద్దరి చదువులో, తిండి తినే తీరులో మీకు తేడా కనిపించదు, ఒకరి ఇంటికి మాత్రం ఒకటో తారీఖున ₹6,000 వస్తుంది, ఇంకొకరి ఇంటికి రాదు. పరీక్ష రోజు పిల్లవాడి అసలు స్థితి బయటపడాలంటే తల్లి చెప్పే వివరాలు కచ్చితంగా ఉండాలి. "అన్నీ చేసుకుంటాడు" అని పరువు కోసం చెప్పే తల్లులు ఎక్కువ. బొత్తాలు పెట్టుకోగలడా, ఒంటరిగా దుకాణానికి వెళ్లి చిల్లర తేగలడా, స్నానం ఎవరు చేయిస్తారు అన్నవి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పెంచి చెప్పొద్దు, దాచనూ వద్దు.

పిల్లల సర్టిఫికెట్‌కు గడువు ఉంటుందని 2వ పాఠంలో చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. మేధో వైకల్యం విషయంలో 5, 10, 18 ఏళ్లు నిండినప్పుడు కొత్తగా తీసుకోవాలి. 18లో ఇచ్చేదే శాశ్వతం. గడువుకు మూడు నెలల ముందే స్లాట్ పెట్టుకోండి. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పునఃపరిశీలన తర్వాత నోటీసులు అందుకున్నవారిలో 40 లోపు శాతం వచ్చినవారితో పాటు తాత్కాలిక సర్టిఫికెట్లవారూ ఉన్నారు. నోటీసు వస్తే కంగారుపడి ఊరుకోవద్దు. పల్లెల్లో ఎంపీడీవో దగ్గర, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు పెట్టుకునే దారి అప్పుడే ఇచ్చారు. సర్టిఫికెట్ మీదే అభ్యంతరం ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ అప్పీలు హక్కు ఇస్తోంది.

ఇప్పుడు రెండో గీటు, 80. కేంద్రం ఇచ్చే దివ్యాంగ పింఛను నెలకు ₹300, అదీ 80 శాతం, ఆపై వైకల్యం ఉండి, 18 ఏళ్లు నిండినవారికే. అంటే పిల్లలకు ఢిల్లీ నుంచి వచ్చేది సున్నా. ఆంధ్రలో, తెలంగాణలో పిల్లలకు పింఛను అందుతోందంటే అది రాష్ట్రాలు వయసు గీటు పెట్టకపోవడం వల్లే. తెలంగాణలో ఈ పింఛను 2023 జులై నుంచి ₹4,016. శాతాలు కలిపే సూత్రం కేంద్రానిది కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే.

పిల్లలకు సున్నా అయినప్పుడు 80తో మనకేం పని అంటారా? ఆంధ్రలో రేషన్ కార్డుకి ఒక్క పింఛనే అన్న నిబంధన ఉంది. 80 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి దాన్నుంచి మినహాయింపు. ఇంట్లో నాయనమ్మ ₹4,000 వృద్ధాప్య పింఛను తీసుకుంటోంది, మనవడికి 75, 25 శాతాల రెండు వైకల్యాలు. లెక్క 79.17. రెండు పింఛన్లలో ఒకటే, ఎంత మంచిది ఎంచుకున్నా ఇంటికి ₹6,000. అదే 75, 40 అయితే 81.67. నాయనమ్మది ₹4,000, మనవడిది ₹6,000, రెండూ కలిపి ₹10,000. అందరి కంచంలో పడే తేడా నెలకు ₹4,000. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) రంగు చూసి కూడా ఇది పసిగట్టొచ్చు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం.

ఇక్కడే రేషన్ కార్డు స్ప్లిట్ చేయించండి అని సలహా ఇచ్చేవాళ్లు తయారవుతారు. నాయనమ్మ నిజంగా వేరే పొయ్యి పెట్టుకుని ఉంటే చేయించండి. ఒకే ఇంట్లో ఉంటూ కాగితం మీద విడగొడితే అది తర్వాతి తనిఖీలో బయటపడొచ్చు, అప్పుడు రెండూ ఆగిపోవచ్చు.

ఇంటి లెక్క మిగతాది వేగంగా. ఆంధ్రలో కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు ₹10,000, పట్టణంలో ₹12,000 లోపు ఉండాలి. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు. ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపన్ను కట్టేవారు ఇంట్లో ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. తెలంగాణలో ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు.

ఈ జాబితాలో చిక్కుపడేది కరెంటే. కూలి పని చేసుకునే ఇంట్లో 300 యూనిట్లు కాల్చరు. కాల్చినట్టు కనిపిస్తే, వేరే వాళ్ల మీటరు వీళ్ల ఆధార్‌కు లింకై ఉంటుంది. బాడుగకున్న ఇంటి మీటరు, తండ్రి పేరున ఉన్న పాత మీటరు, పొరపాటున ఎక్కించిన పక్కింటి మీటరు. సచివాలయంలో ఏ సర్వీసు నంబరు వల్ల అనర్హత వచ్చిందో అడిగి రాయించుకోండి. ఆ నంబరు పట్టుకుని కరెంటు ఆఫీసులో ఆధార్ లింకు తీయించండి. తర్వాత మళ్లీ సచివాలయానికి వెళ్లి అర్జీ పెట్టండి. ఈ వరస మార్చితే పని కాదు.

పింఛను వచ్చాక పేదరికం పోయిందా అన్న ప్రశ్నకు కొందరు "₹6,000 వచ్చింది, గట్టెక్కారు" అని రాశారు. ఇలా వేసి చూడండి. పిల్లవాణ్ని థెరపీకి నెలకు ఎనిమిది సార్లు తీసుకెళ్లాలి. వెళ్లిన రోజు తల్లి కూలి ₹300 పోతుంది, ₹2,400. ఆటో రానుపోను ₹150, మొత్తం ₹1,200. మందులు, డైపర్లు ₹1,100. కలిపి ₹4,700. ఆరు వేలలో ఇంటికి మిగిలేది ₹1,300. తెలంగాణలో అదే ఖర్చుకి ₹4,016 వస్తే ఇంకా ₹684 చేతినుంచే. ఆటో బదులు ఆర్టీసీ బస్సు దొరికే ఊరైతే తల్లి టికెట్ ఎగిరిపోతుంది: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) మండలంలోనే ఉంటే ప్రయాణం ఖర్చు ఇంకా తగ్గుతుంది. అందుకే నేను ఏ కుటుంబం లెక్క వేసినా మొదట అడిగేది పింఛను ఎంత అని కాదు, థెరపీ ఎన్ని కిలోమీటర్లు అని.

తల్లికి వందనం (బడి పిల్లల తల్లులకు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే సాయం), 75 శాతం హాజరు నిబంధన, రోజూ బడికి వెళ్లలేని పిల్లవాడి సంగతి 5వ పాఠంలో.

అభ్యాసం. ఆంధ్రలో ఒక పల్లె. తండ్రి కూలి, ఇంటి ఆదాయం నెలకు ₹9,500. నాయనమ్మకు 68 ఏళ్లు, వృద్ధాప్య పింఛను వస్తోంది. అక్క ఆరో తరగతి. బాబుకి ఎనిమిదేళ్లు: వీఎస్ఎమ్మెస్ స్కోరు 48, వినికిడి లోపం 20 శాతం, కాలికి 10 శాతం. కార్డు ఒకటే.

బాబు మొత్తం శాతం ఎంత? ఇంటికి నెలకు గరిష్ఠంగా ఎంత పింఛను వస్తుంది? వినికిడి మారకుండా కాలి శాతం కనీసం ఎంత ఉంటే రెండు పింఛన్లూ నిలుస్తాయి? సర్టిఫికెట్ మళ్లీ ఎప్పుడు తీసుకోవాలి? థెరపీ వారానికి ఒక్కసారే, కేంద్రం 22 కిలోమీటర్లు, సగం దూరం ఉచిత బస్సు. మిగతా సగానికి మీ ఊరి ఆటో ధర వేసి, నికరంగా ఇంటికి మిగిలేది చెప్పండి. దశాంశాలు రెండు అంకెల దాకా ఉంచండి. 79.6ని 80 అని గుండ్రం చేసిన జవాబు చదవను.