మలుపులో ఆగిపోయే చిన్న ఇంజను: నా అనుభవం

ఆంధ్ర, ఒడిశాల మధ్య ఒకప్పుడున్న నౌపడ–గుణుపురం నారోగేజి (సన్న పట్టాల) రైలు లైనులో పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు ఉండేది. అసలు కంటే 87 రెట్లు చిన్నదైన (1:87) నమూనా రైలుకు కుదిస్తే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఆ లైను మీద ఇష్టంతో 90×60 సెంటీమీటర్ల ప్లైవుడ్ పలకపై, 228 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో మలుపులు పెట్టి బొమ్మ రైలు పట్టాలు ఒక చుట్టు వేశాను. నెమ్మదిగా నడిపితే చాలు, ఇంజను అవతలి మలుపులో నిలిచిపోయేది.

పట్టాలు తుడిచాను, చక్రాలు శుభ్రం చేశాను, పట్టాలకు కరెంటు ఇచ్చి వేగం మార్చే కంట్రోలరును కూడా మార్చాను, ఫలితం లేదు.

చివరికి ఇంజను ఆగిన చోటే మల్టీమీటరు పెట్టాను. కంట్రోలరు దగ్గర 8 వోల్టులు, ఇక్కడ 5. పట్టాల అతుకుల దగ్గరే వోల్టేజి తగ్గిపోతోంది. మలుపులోని ప్రతి ముక్కకూ కంట్రోలరు నుంచి విడిగా తీగ ఇచ్చాను. ముందు పట్టా పక్కనే 2 మిల్లీమీటర్ల రంధ్రం చేశాను. పట్టా బయటి పక్కను మెరిసేదాకా ఆకురాయితో గీసి, టంకం బాగా అంటుకునేందుకు వాడే ఫ్లక్సు రాశాను. తీగ కొనకు ముందే టంకం పట్టించి, వంచి ఆనించాను. ఇరువైపులా తడిగుడ్డ ముక్కలు వేసి, బాగా కాగిన టంకపు కడ్డీని రెండు మూడు సెకన్లే తాకించాను. అంతకు మించితే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. నావి రెండు అలాగే పోయాయి. బయటి పట్టాకు ఎరుపు, లోపలి దానికి నలుపు తీగ. రంగులు తారుమారైతే షార్టవుతుంది.

ఇప్పుడు ఇంజను నడక వేగంతో చుట్టంతా తిరుగుతోంది, చూస్తుంటే ఎంత హాయిగా ఉందో!

మీ ఇంజను పాయింటు (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల కూడలి) మధ్యలోని ప్లాస్టిక్ భాగం మీదే ఆగుతుంటే మాత్రం కారణం వేరు. అక్కడ ఇది పనిచేయకపోవచ్చు.