వేసిన రంగు ఆరడం లేదా? తడి ఎక్కడ ఆగిందో చూడండి

పొద్దున వేసిన కోటు సాయంత్రానికి కూడా వేలికి అంటుతుంటే చాలామంది ముందు డబ్బాను తిడతారు, తర్వాత ఫ్యాన్ వేగం పెంచుతారు. తేమ రోజుల్లో డబ్బాది తప్పయ్యేది అరుదు. ఫ్యాన్ ఒక్కదానితో తీరేది ఇంకా అరుదు. రంగులో ఉన్న నీళ్లు బయటికి పోవాలి, పోలేకపోతున్నాయి. గది గాలి తీసుకోలేకపోతోందా, గోడే లోపలి నుంచి చెమ్మ ఇస్తోందా, కోటు మరీ మందంగా పడిందా? ఇది తేల్చుకోకుండా పైన ఇంకో కోటు వేస్తే సమస్య రెట్టింపవుతుంది.

ఓ చిన్న లెక్క చూడండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 36 ఘనమీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. తేమ 80 శాతం ఉందంటే 24 గ్రాములు అప్పటికే నిండిపోయాయి, ఇంక 6 గ్రాములకే చోటుంది. గది మొత్తం మీద 200 గ్రాముల పైచిలుకు, అంతే. ఆ గోడలకు ఒక కోటు ఎమల్షన్ (నీళ్లలో కలిపే రంగు) వేయడానికి కలిపిన నీళ్లతో కలుపుకొని దాదాపు 4 లీటర్లు పడుతుంది. అందులో సగానికి తక్కువ కాకుండా నీళ్లే. అంటే 2 లీటర్ల నీళ్లు పోవడానికి గాలిలో ఉన్న ఖాళీ పావు లీటరు కూడా లేదు. తలుపులు మూసి ఫ్యాన్ వేస్తే తిరిగేది అదే నిండిన గాలి. గదిలోని గాలి మొత్తం సుమారు పదిసార్లు మారాలి, లేదంటే ఆ ఆవిరిని ఏదైనా యంత్రం లాగేయాలి.

గోడంతా ఒకేలా చల్లగా, మెత్తగా ఉంది

ఇది గాలి సమస్య. గాలిలో తేమ శాతం చూపే హైగ్రోమీటరు ఒకటి గదిలో పెట్టండి, ఊహలతో పని ఉండదు. తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉంటే పని హాయిగా సాగుతుంది. 85 దాటితే బ్రష్ పట్టుకోకపోవడమే మంచిది. దండెం మీద బట్టలు ఆరని రోజున గోడ ఆరుతుందని ఆశపడొద్దు.

కిటికీలు తెరవాలా, మూయాలా? దీనికి ఒకే జవాబు లేదు. బయట చలిగా ఉండి లోపల వెచ్చగా ఉంటే తెరవండి, వాన పడుతున్నా సరే. 15 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి లోపలికొచ్చి 25 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 50 శాతానికి పడిపోతుంది, అప్పుడది గోడ తడిని బాగా పీలుస్తుంది. బయట కూడా ఉక్కపోతగా, ముసురుగా ఉంటే మాత్రం కిటికీ తెరిచి లాభం లేదు. అన్నీ మూసి గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. తెరిచినప్పుడు ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒకదానిలో ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెట్టండి. ఫ్యాన్ పని గోడ మీదికి ఊదడం కాదు, లోపలి గాలిని బయటికి తోయడం. మరీ దగ్గర నుంచి గాలి కొడితే పైన పొర కట్టేసి లోపల తడి అలాగే ఉండిపోతుంది. హెయిర్ డ్రయర్, హీట్ గన్‌లతో జరిగేదీ ఇదే.

హీటరు పెడితే కరెంటుదే పెట్టండి. గ్యాసు, కిరోసిన్ హీటర్లు వేడితో పాటు నీటి ఆవిరినీ వదులుతాయి. కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు కిలోన్నర నీరు గదిలోకి వస్తుంది. మీరు పంపాలనుకున్నదాన్నే అవి తెచ్చి పోస్తాయి. పైగా ఎనామిల్ (నూనె రంగు) వేసిన గదిలో, దాన్ని పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి ఉండగా మంట పెట్టడం నిప్పుతో చెలగాటం.

పని వేళ కూడా చూసుకోండి. ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి బ్రష్ కడిగేయాలి. సాయంత్రం చల్లబడే కొద్దీ తేమ శాతం పెరుగుతుంది, గోడ మీద కంటికి కనిపించని మంచు పడుతుంది. గోడ వేడి ఎప్పుడూ మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీటిచుక్కలుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గది 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే మంచు బిందువు 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. గోడ 27 ఉందంటే ఆ రోజు వేయకండి.

అంతా ఆరింది, కింద అడుగు మేర మాత్రం ఆరలేదు

ఒక మూలో, నేలను ఆనుకుని ఉన్న పట్టీయో, బాత్రూమ్ గోడకు అవతలి వైపో తడిగా మిగిలిందంటే గాలిని నిందించి ప్రయోజనం లేదు. చెమ్మ గోడలోంచి వస్తోంది. పైపు లీకు కావచ్చు, నేల నుంచి పైకి ఎక్కే తడి కావచ్చు, కొత్త ప్లాస్టరింగ్ కావచ్చు, ఆరకముందే రుద్దేసిన లప్పం కావచ్చు.

తేల్చుకోవడం తేలిక. అనుమానం ఉన్న చోట రంగు గీకేసి, అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపుతో సందు లేకుండా మూసేయండి. కనీసం 16 గంటలు కదిలించొద్దు. తర్వాత ఊడదీసినప్పుడు గోడ వైపు నీటి చుక్కలున్నా, షీటు కింద గోడ నల్లగా మారినా తడి గోడది. చుక్కలు గది వైపు ఉంటే తడి గాలిది.

గోడదైతే ఏ ఖరీదైన రంగూ కాపాడదు. లీకు ఆపాలి, మెత్తబడ్డ రంగు, లప్పం గీకాలి, గోడను ఎండనివ్వాలి. కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం నాలుగు వారాలు ఇవ్వాలి, తడి కాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ ఎదురుచూపు ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చదు. కానీ తడి గోడ మీద ఎనామిల్ వేస్తే కొన్నాళ్లకే పొక్కులు లేస్తాయి, అప్పుడు రంగుతో పాటు లప్పమూ ఊడి వస్తుంది.

తాకితే పొడిగానే ఉంది, కానీ తలుపు ఫ్రేముకు అతుక్కుంటోంది

ఇక్కడ రంగు పాడవలేదు, మీకే తొందర. ఎమల్షన్‌లో నీళ్లు పోయాక రెజిన్ (రంగును పట్టి ఉంచే జిగురు) రేణువులు ఒకదానికొకటి కలిసి పొరగా గట్టిపడాలి. పూర్తి బలం రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఎనామిల్ దారి వేరు. టర్పెంటైన్ ఎగిరిపోయాక అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. ముదురు రంగులు లేతవాటికంటే ఆలస్యంగా ఆరతాయి, ఎందుకంటే వాటిలో పోసే టింటర్లలో (రంగు ఛాయ తెచ్చే ద్రవాల్లో) మెల్లగా ఎగిరే గ్లైకాల్ ఉంటుంది. తలుపులు తెరిచే ఉంచండి, తప్పనిసరైతే ఫ్రేముకూ తలుపుకూ మధ్య మైనం కాగితం పెట్టండి. అల్మరాలో పుస్తకాలు సర్దడం వాయిదా వేయండి.

గోధుమరంగు జిగట చారలు కారాయి

ముఖ్యంగా బాత్రూముల్లో కనిపిస్తుంది. రంగు నెమ్మదిగా ఆరినప్పుడు అందులోని సబ్బులాంటి పదార్థాలు పైకి తేలి, గోడ మీద పడ్డ ఆవిరి నీటితో పాటు జారతాయి. బూజు కాదు. తడి గుడ్డతో నెమ్మదిగా తుడవండి, కరిగిపోతాయి. మళ్లీ ఒకటి రెండుసార్లు రావచ్చు, అప్పుడూ తుడవండి. దాని మీద రంగు మాత్రం వేయకండి.

పైన ముడతలు, లోపల పచ్చి

ఎనామిల్ మందంగా వేస్తే వచ్చేది ఇదే: పైపొర ముందు ఆరి, కింది తడి మీద జారి ముడత పడుతుంది. త్వరగా ఆరుతుందని డ్రయర్ ద్రావకం ఎక్కువ పోసినా ఇదే గతి. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కలపడం ఇంకో పాత అలవాటు. అది నూనె జిడ్డును మిగిల్చి రంగును రోజుల తరబడి జిగటగా ఉంచుతుంది. వంటింటి గోడల మీద నూనె మరక కడగకుండా వేసినా అంతే. మందు లేదు, గీకడమే. గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో రుద్ది పలచగా రెండు కోట్లు వేయండి.

పలచగా అన్నానని ఎమల్షన్‌లో నీళ్లు ఎక్కువ పోయకండి. పోసిన ప్రతి గ్లాసూ తిరిగి గాలిలోకే పోవాలి. పలచన అంటే రోలర్‌కు తక్కువ రంగు ఎక్కించడం, డబ్బాలో నీళ్లు కలపడం కాదు.

రెండో కోటు ఎప్పుడు?

డబ్బా మీద రాసే 4 గంటలు మామూలు వేడికి, ఓ మోస్తరు తేమకు చెప్పినవి. తడి రోజుల్లో దాన్ని రెట్టింపు చేసుకోండి. ఆపై కూడా చేతితో తేల్చుకోండి. తలుపు వెనక, కనిపించని మూలన బొటనవేలిని గోడకు గట్టిగా అదిమి, అలాగే పావు వంతు తిప్పండి. వేలిముద్ర పడకూడదు, పొర కదలకూడదు, వేలు లాగేటప్పుడు చిన్న చప్పుడుతో అతుక్కోకూడదు. వేలి కొసతో తాకి ఆరిందనుకుంటే పైపొర ఆరిందని మాత్రమే తెలుస్తుంది.

రోలర్ కింది కోటును పీకేస్తుంటే అక్కడికక్కడే ఆపండి. సరిచేద్దామని అదే చోట మళ్లీ మళ్లీ రోలర్ తిప్పితే గోడ మచ్చలమయం అవుతుంది. మర్నాటి దాకా వదిలి, పూర్తిగా ఆరాక అంచులు ఉప్పుకాగితంతో నునుపు చేసి వేయండి. తేమ 60 శాతానికి దించి వారం గడిచినా గోరు దిగుతుంటే ఇక ఎదురుచూడొద్దు, ఆ పొర గీకేయండి. సామాను తిరిగి పెట్టేటప్పుడు బీరువా వెనక, మంచం తలవైపు జానెడు సందు వదలండి, అక్కడే గాలి ఆడక రంగు చివరి దాకా పచ్చిగా ఉండిపోతుంది.