రాత్రి తొమ్మిదింటికి బయటపడే సైన్స్ ప్రాజెక్టుకు

"రేపే సైన్స్ యాక్టివిటీ" అని మా చిన్నోడు సరిగ్గా పడుకోబోయే ముందే చెప్తాడు. దేవరకొండలో మా వీధి దుకాణం అప్పటికే మూసేసుంటుంది. మొన్న మట్టినీళ్లను తేటనీళ్లుగా మార్చే ప్రయోగం ఇంట్లో ఉన్నవాటితోనే కానిచ్చాం.

గ్లాసు నిండా నీళ్లు పోసి చెంచాడు మట్టి కలిపి, బోర్లించిన గిన్నె మీద పెట్టండి. పక్కనే కింద ఖాళీ గ్లాసు. రెండు టిష్యూ పేపర్లను వేలు లావున తాడులా వదులుగా పేని (బిగిస్తే నీళ్లు నడవవు), ఒక కొన మట్టినీళ్లలో ముంచి, రెండోది ఖాళీ గ్లాసులోకి బాగా కిందికి వేలాడేలా వదలండి. తడి మెల్లగా పైకి పాకి, అంచు దాటి దిగుతుంటే వాడు అన్నం కూడా మర్చిపోయి చూశాడు. తెల్లారేసరికి కింది గ్లాసులో తేటనీళ్లు, మట్టేమో పైనే.

నోటుబుక్కు కాగితం వద్దు. సిరా పాకకుండా దానికి పూత ఉంటుంది, నీళ్లు సరిగా పీల్చదు.

తేటగా ఉన్నాయని మాత్రం తాగనివ్వకండి. కాగితం ఆపేది మట్టినే. మన నల్గొండ బోరునీళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి వాటితోపాటే దిగిపోతుంది.